మంచుబండికి కందెన

కందెన అను మాట నేటి పిల్లలలో పలువురు వినియుండరు. ఎద్దుబండి ఇరుసునకు రాచు జిడ్డు పదార్థమునకు అది పేరు. వరిగడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదముతో కలిపి నూరి, వెదురుగొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టెడివారు. దారిలో చక్రము కీచుమని అరచినచో బండి నిలిపి, సీల ఊడదీసి, చక్రమును కొంచెము జరిపి, పుల్లతో కందెన రాచి మరల సాగిపోయెడివారు. ఈ పని బండివాడే చేసికొనవలెను. నడిత్రోవలో వడ్రంగియు దొరకడు, కమ్మరియు దొరకడు.

ఈ సంగతి మాకు స్ఫురించుటకు కారణము మా మేనల్లుడు. అతడు అమెరికాలో మినిసోటా రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉద్యోగరీత్యా కాపురమున్నాడు. మార్చి నెలాఖరున ఒకనాడు ఫోను చేసి, "మామయ్యా, ఇవాళ సెలవు. పొద్దున్నుంచి మంచుబండికి నూనె మారుస్తూ కూర్చున్నాను" అన్నాడు. అంగడిలో ఇచ్చిన మార్చిపెట్టరా అని మేము అడిగితిమి. "ఇస్తే మారుస్తారు. కాని ఇక్కడ చాలామంది ఎవరి బండికి వాళ్లే మార్చుకుంటారు. మా పక్కింటి పెద్దాయన దగ్గరుండి నేర్పించాడు" అని బదులు చెప్పెను. ఈ అలవాటు ఎట్లు కలిగినదో తెలిసికొనబోగా దాదాపు నూరేండ్ల కథ బయటపడినది. దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

మంచుబండి యనగా స్నోమొబైలు. ముందు చక్రములకు బదులు రెండు స్కీ పట్టెలుండును. వెనుక రబ్బరు పట్టా ఒకటి గిరగిర తిరుగుచు మంచును వెనుకకు నెట్టును. నడుపువాడు మోటారు సైకిలుపై వలె ఎక్కి కూర్చుండును. పట్టెలను, పట్టాను చూచినవారు వానినే గొప్పగా నెంచుదురు. మా దృష్టిలో ఆ బండి కథలో సగము నూనె కథయే.

మన యిండ్లలో పుష్యమాసపు తెల్లవారుజామున నేతిగిన్నె వంచినను నేయి కదలదు. పొయ్యి ప్రక్కన పెట్టినగాని కరగదు. మన చలి ఎంత? సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో ఇంజనులోని నూనెకు పట్టు గతిని దీనినిబట్టి ఊహించుకొనవచ్చును. వెనుకటి కాలపు నూనెలు ఆ చలిలో బంకవలె గట్టిపడి, ఇంజను కడ్డీని పట్టుకొని త్రిప్పనిచ్చెడివి కావు. బలవంతముగా త్రిప్పి నడిపించినను, నూనె పైభాగములకు ఎక్కులోపల లోహముతో లోహము ఒరసికొని అరిగిపోయెడిది. వేడిని కలిగించు యంత్రమునకు చలి ఇంత శత్రువగుట విచిత్రమే.

మంచుబండి ఇంకను ఊరూర వ్యాపింపని రోజులలో, అనగా 1920, 1930 దశకములలో, కెనడా ఉత్తరారణ్యములపై చిన్న విమానములు నడిపినవారు ఈ చిక్కును నిత్యము ఎదుర్కొనిరి. వారి దినచర్య వినదగినది. సాయంకాలము గడ్డకట్టిన సరస్సుపై దిగినతోడనే, ఇంజను వేడి ఆరకముందే, మెకానిక్కు నూనెనంతయు డబ్బాలోనికి దింపుకొనును. ఆ డబ్బాను గుడిసెలోనికి తీసికొనిపోయి రాత్రియంతయు పొయ్యి చెంత ఉంచుకొనును. తెల్లవారకముందే లేచి, ఇంజనుపై కాన్వాసు గుడ్డను గుడారమువలె కప్పి, దాని క్రింద మంట పెట్టి ఇంజనును కాచును. ఒకప్రక్క నూనెయు కాగుచుండును. అది వేడెక్కగానే పోసి, క్షణమాలస్యము చేయక ఇంజనును త్రిప్పును. కాన్వాసునకు నిప్పంటుకొని విమానమే దగ్ధమైన సందర్భములును కలవు. ఇప్పటి గృహస్థు ఏడాదికొకసారి చేయు పనిని వారు దినదినము చేసిరి.

ఇంత శ్రమ ఎందులకని అడుగుదురేమో. 1929 జనవరి 2వ తేదీన ఎడ్మంటన్ నగరము నుండి వాప్ మే, విక్ హార్నర్ అను వైమానికులు ఇరువురు పైకప్పులేని చిన్న విమానములో డిఫ్తీరియా మందు పెట్టుకొని ఉత్తరముననున్న ఫోర్ట్ వెర్మిలియన్ అను ఊరికి బయలుదేరిరి. అచట వ్యాధి సోకినదను వార్త మంచులో ప్రయాణించి తంతి ఉన్న ఊరికి చేరుటకే పలుదినములు పట్టినది. మందు మరునాటికే చేరెను. ఆకాశమున దారి తెరచుకొన్నది కాని, నేలపై పల్లెకును పల్లెకును నడుమ దారి శీతకాలమంతయు మూతబడియే ఉండెను.

విమానముల మాట వచ్చినది గనుక మన ఆముదమును తలపకుండ ముందుకు సాగలేము. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములలో పెక్కింటికి పంకతోపాటు ఇంజను సైతము గిరగిర తిరుగు ఏర్పాటుండెడిది. అట్టి ఇంజనులో పెట్రోలును నూనెయు ఒకచోటనే కలిసికొనును. ఖనిజతైలమైనచో పెట్రోలులో కరగి పలుచబడిపోవును. ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు. అందుచేత ఆముదమే దానికి తగిన కందెన అయినది. వాడిన ఆముదము తిరిగి చేతికి రాదు. పొగతో కూడి బయటికి చిమ్ముచు వైమానికుని ముఖముపై పడెడిది. దానిని పీల్చి పీల్చి వారి కడుపులు చెడెడివని ఆనాటివారు చెప్పియున్నారు. చిన్ననాడు పండుగ మరునాడు ముక్కు మూసికొని ఆముదము త్రాగిన మన తరమువారికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు.

ఆ ఆముదమునకు ప్రపంచమంతయు భారతదేశము వైపు చూచెను. యుద్ధపు చివరి రోజులలో అమెరికా ప్రభుత్వము మన దేశమునుండి ఆముదపు గింజలు తెప్పించి ఫ్లారిడా మొదలగు దక్షిణ రాష్ట్రములలో సాగు చేయించినది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీవారు 1909లో తమ ఇంజను నూనెకు పెట్టిన కాస్ట్రాల్ అను పేరు కూడ ఆముదమునకు గల ఇంగ్లీషు పేరునుండి పుట్టినదే. నేడు మన దేశపు ఆముదములో అధికభాగము గుజరాతులో పండుచున్నది. పాలమూరు, నల్లగొండ సీమల ఎఱ్ఱనేలలకు మాత్రము ఆ పంట తరతరములుగా పరిచితమే. అయినను మంచుసీమలో ఆముదము నిలువలేకపోయెను. గట్టి చలిలో అది చిక్కబడి పేరుకొనును. పెట్రోలుతో బలవంతముగా కలిపినను విడిపోవును. ఇంజనులో నిలువయున్న బంక కట్టును. ఎండదేశపు గింజకు ధ్రువపు చలిని ఓర్చుకొమ్మనుట న్యాయము కాదు గదా.

ఇక మంచుబండి పుట్టుకకు వత్తము. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రమున వాల్కోర్ట్ అను చిన్న ఊరు కలదు. ఆ ప్రాంతమున 1907లో జన్మించిన జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియె చిన్ననాటినుండియు యంత్రములతోనే ఆడుకొనెను. తండ్రి ఇచ్చిన పాత ఫోర్డు కారు ఇంజనును ఒక బల్లబండిపై అమర్చి, వెనుక విమానపు పంక బిగించి, 1922 డిసెంబరు 31వ తేదీన మంచుపై పరుగెత్తించినాడు. అప్పటికి అతనికి పదునైదేండ్లు. పంకకు ఎవరైన బలియగుదురని భయపడి తండ్రి దానిని ఊడదీయించెను. తరువాత ఆ పిల్లవాడు యువకుడై గారేజి పెట్టినాడు. వేసవిలో కార్లు బాగుచేయుట, శీతకాలములో మంచుబండ్ల ప్రయోగములు చేయుట అతని వృత్తియైనది. శీతకాలము వచ్చినదా, కార్లను దిమ్మెలపై ఎక్కించి ఇంటిలో దాచుట ఆ సీమ వాడుక. అందరును గుర్రపు బల్లబండ్లకు తిరిగిపోయెడివారు.

1934 శీతకాలమున అతని రెండేండ్ల కొడుకునకు కడుపులో వ్యాధి ముదిరెను. ఆసుపత్రి షేర్‌బ్రూక్ పట్టణమున, సుమారు 50 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయినవి. గారేజిలోనున్న బండి ఇంకను అసంపూర్తిగనే ఉండెను. ఊరిలో ఇంజనులను అందరికంటె బాగుగా ఎరిగిన మనుష్యుడు బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయెను. బిడ్డ చనిపోయినాడు.

ఈ దుఃఖమే అతనిచే మంచుబండిని సృష్టింపజేసినదని కొందరు వ్రాయుదురు. మాకది సరిగా తోచదు. పని అంతకు పండ్రెండేండ్ల ముందే మొదలైనది. అయితే ఆ మీదట పని ఆగలేదు. రబ్బరు తొడిగిన పండ్ల చక్రము, దానిని చుట్టి తిరుగు పట్టా అతడు సాధించిన కీలకములు. వానికి 1937లో పేటెంటు లభించినది. ఏడుగురు కూర్చుండగల బండి ఆ కాలముననే అమ్మకమునకు వచ్చెను. తరువాత పండ్రెండుగురు పట్టు బండ్లు వచ్చినవి. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు, శవపేటికలు, అన్నియు వానిలోనే మంచుదారులు దాటినవి. 1942లో అతడు కంపెనీ స్థాపించెను. 1948లో క్వెబెక్ ప్రభుత్వము పల్లె రోడ్లపై మంచు తొలగింప పూనుకొన్నంతనే ఆ పెద్దబండ్ల గిరాకి పడిపోయినది. దారి తెరువవలెనని జీవితమంతయు పాటుపడినవానికి దారులు తెరచుకొనుటయే నష్టముగా పరిణమించెను!

అప్పుడు అతని చూపు ఒక్కరిద్దరు ఎక్కు చిన్నబండివైపు మరలినది. అట్టి చిన్నబండి కొత్త ఊహ కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున కార్ల్ ఎలియాసన్ అను అంగడివాడు 1924లోనే పడవ ఇంజనును బల్లబండికి బిగించి నడిపించెను. మా మేనల్లుడున్న మినిసోటాలో, రోసో అను ఊర, వ్యవసాయపు పనిముట్లు చేయు చిన్న కార్ఖానాలో డేవిడ్ జాన్సన్, అతని తోడివారు 1950 దశకపు నడుమ ధాన్యము ఎత్తు యంత్రపు గొలుసును పట్టాగా తిప్పి మంచుబండి నొకటి కట్టిరి. యజమానులలో ఒకడైన ఎడ్గర్ హెట్టీన్ మొదట దానిని చూచి ముచ్చట పడలేదట. అతడే 1960 మార్చిలో అట్టి బండ్లపై అలాస్కా అడ్డముగా 1,200 మైళ్ళు ప్రయాణము చేసెను. ఆ ప్రయాణమున బండి చెడినచో బాగుచేయువాడు ఎవడు? ఎక్కినవాడే.

బొంబార్డియె చిన్నబండి 1959లో స్కీడూ అను పేర వెలువడినది. దానిని ఆంటారియో ఉత్తరపు అడవులలో, ఆదివాసుల నడుమ, కుక్కబండిపై తిరుగుచున్న ఒక క్రైస్తవ మిషనరీకి అతడు స్వయముగా తీసికొనిపోయి చూపెను. తొలియేట అమ్ముడుపోయినవి 225. మన విషయమునకు ముఖ్యమైనది దాని ఇంజను. అది ఏడు గుర్రపు బలము గల నాలుగు స్ట్రోకుల ఇంజను. అనగా, కారు ఇంజను వలెనే అడుగున నూనె నిలువయుండి, కొంతకాలమునకు దానిని దింపి కొత్తది పోయవలసినది. మిషనరీ యైనను, బోను వేసి మృగములను పట్టు వేటగాడైనను, దగ్గరి గారేజి వందల మైళ్ళ దూరముననుండగా ఆ పని ఇంకెవరికి అప్పగించును? ఎవరి బండికి వారే అను అలవాటునకు బీజము ఇచటనున్నది.

కాని కొద్దియేండ్లలో రెండు స్ట్రోకుల ఇంజను వచ్చి నాలుగు స్ట్రోకులదానిని నెట్టివేసినది. అది తేలిక, బలము హెచ్చు. దాని అడుగున నూనెమడుగు లేదు గనుక చలిలో గట్టిపడునదియు లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయుదురు. తొలినాళ్ళలో ఇరువది పాళ్ళకు ఒక పాలు చొప్పున డబ్బాలో పోసి, మూతబెట్టి, చేతులు పడిపోవునట్లు కుదుపవలెను. 1970 దశకములో నూనెకు వేరు తొట్టి పెట్టి ఇంజనే తనకు కావలసినంత పీల్చుకొను ఏర్పాటు వ్యాపించినది. అప్పటికే గిరాకి ఆకాశమంటినది. 1971లో ఉత్తర అమెరికాలో సుమారు 5 లక్షల బండ్లు అమ్ముడైనవి. 1968 ఏప్రిలులో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అను మినిసోటా భీమా ఏజెంటు మంచుబండిపై ఉత్తర ధ్రువమునకే చేరెను. బొంబార్డియె అంతకు నాలుగేండ్ల ముందు, 1964లో, మరణించినాడు.

అట్లు ఒక తరమంతయు నూనె మార్చుట అను మాట మరచినది. పోసిన నూనె పొగయై పోవుచుండగా మార్చవలసినదేమున్నది? అయితే ఆ పొగయే చివరికి మెడకు చుట్టుకొన్నది. రెండు స్ట్రోకుల ఇంజనులో పోసిన పెట్రోలులో సుమారు నాలుగవ వంతు మండకుండనే బయటికి పోవును. ఎల్లోస్టోన్ జాతీయ వనములో 1963లో ప్రవేశించిన మంచుబండ్లు 1990 దశకమునకు శీతకాలపు ఒక్కొక్క దినమున వందలుగా చేరి, ద్వారమునొద్ద నీలిపొగ కమ్మజేసినవి. వానిని క్రమముగా నిషేధింపవలెనని 2000లో నిర్ణయమైనది. వెనువెంట వ్యాజ్యములు, ప్రతివ్యాజ్యములు. కడకు పొగయు చప్పుడును తక్కువగల బండ్లనే, పరిమిత సంఖ్యలో, అనుమతించు పద్ధతి స్థిరపడినది. మంచుబండ్ల పొగకు దేశమంతటికి వర్తించు నియమములు 2002లో ప్రకటింపబడి, 2006 నమూనాలనుండి అమలైనవి. వేగము గల నాలుగు స్ట్రోకుల మంచుబండ్లు అంగళ్ళలో మరల కనబడుట ఆ సంవత్సరముల సంగతియే. రెండు స్ట్రోకులవి నేటికిని ఉన్నవి, మునుపటికంటె శుభ్రముగను ఉన్నవి. నాలుగు స్ట్రోకులదానిని కొన్న ఇంటివారికి మాత్రము తాతనాటి పని తిరిగి చేతికి వచ్చినది.

మా మేనల్లుని కారు కొట్టములో ఆనాడు జరిగినది ఇదియే. మొదట బండిని సమతలమున నిలిపి కొన్ని నిమిషములు ఇంజను నడిపినాడు. వేడెక్కిన నూనె పలుచనై, మలినమును తనతో కొనుచు దిగును. చల్లని నూనె మలినమును అడుగుననే వదలివచ్చును. నూరేండ్ల క్రిందటి విమానపు మెకానిక్కు వేడి ఆరకముందే నూనె దింపినది వేరు ప్రయోజనమునకు. చేతుల కదలిక మాత్రము ఒకటే. పిమ్మట ఇంజను ఆపి, అడుగు మరను స్పానరుతో విప్పి, పళ్ళెములోనికి నూనె పట్టినాడు. ఫిల్టరు మార్చినాడు. మర క్రింది వాషరు పాతది తీసి కొత్తది వేసినాడు. మరను బిగించునపుడు బలము చూపరాదట. అల్యూమినియము మెత్తని లోహము గనుక మరచుట్లు చెడిపోవును.

పోయు నూనె డబ్బాపై 0డబ్ల్యూ-40 అని ఉండునట. డబ్ల్యూ అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దానికి ముందున్న అంకె చలిలో నూనె ఎంత సులువుగా కదలునో చెప్పును. అది ఎంత చిన్నదైన అంత మేలు. రెండవది వేడిలో నిలుచు చిక్కదనము. 1911లో అమెరికాలోని ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘము నూనెలకు అంకెలు కట్టనారంభించినపుడు ఒక్కొక్క నూనెకు ఒక్క అంకెయే. చలికాలమున పలుచనిది, వేసవిలో చిక్కనిది పోసికొనవలెను. చలిలో పలుచగాను, వేడిలో చిక్కగాను ప్రవర్తించు ఉభయగుణములు గల నూనెలు 1950 దశకమున వ్యాప్తికి వచ్చినవి. పొయ్యి ప్రక్కన డబ్బా పెట్టి కాపలా కాయు రాత్రులను తప్పించినది ఆ రెండంకెలే.

నూనె మార్చు కాలము మార్చి నెలాఖరు అగుటకును కారణము కలదు. చలిలో కొద్దిదూరములు నడిపి ఆపుచుండు ఇంజనులో చెమ్మ చేరును. మండని పెట్రోలు నూనెలో దిగును. ఆమ్లములు పుట్టును. ఆ నూనెతోనే బండిని వేసవియంతయు మూలబెట్టినచో అవి తిన్నగా లోహమును తినుచుండును. అందుచేత మంచు కరగగానే మార్చి, కొత్త నూనెతో నిద్రపుచ్చుదురు.

మొదటియేడు అతడొక పొరపాటు చేసెను. ఆ జాతి ఇంజనులకు నూనెతొట్టి వేరుగ నుండును. బండి పలుదినములు నిలిచినచో తొట్టిలోని నూనె మెల్లగా ఇంజనులోనికి జారును. చల్లని బండిలో కొలబద్ద ముంచి చూడగా నూనె తక్కువగ కనబడెను. ఇతడు మరికొంత పోసినాడు. ఇంజను నడువగానే దిగిన నూనె తొట్టికి మరలి, పొంగి, గాలిపెట్టెలోనికి కారినది. ప్రక్కింటి పెద్దాయన వచ్చి, వేడిగా నడిపి ఆపినతోడనే కొలవవలెనని చెప్పి, నవ్వి, గుడ్డ ఇచ్చి తుడువుమన్నాడట.

ఇంట మార్చుకొన్నచో కంపెనీ పూచీ పోవునని అమ్ముడుగాండ్రు కొందరు బెదరింతురు. అమెరికాలో 1975లో చేసిన పూచీల చట్టము ప్రకారము, తామే మార్చవలెనని గాని తమ పేరుగల నూనెనే వాడవలెనని గాని షరతు పెట్టి పూచీని త్రోసివేయుటకు సాధారణముగా వీలులేదు. నూనె కొన్న రసీదును, మార్చిన తేదీని భద్రపరచుకొన్న చాలును. అతడు తేదీని, బండి నడిచిన మైళ్ళను కొట్టము గోడపై పెన్సిలుతో వ్రాయుచున్నాడు.

ఇక మిగిలినది వాడిన నూనె. వెనుక దానిని కంచెగుంజలకు పూసెడివారు, దుమ్ము రేగకుండ మట్టిదారులపై చల్లెడివారు. మిస్సోరి రాష్ట్రమున టైమ్స్ బీచ్ అను ఊర 1970 దశకములో అట్లు చల్లిన పాతనూనెలో డయాక్సిన్ అను విషము కలిసియుండుటచేత, విషయము బయటపడిన పిదప 1983లో ఊరునంతటిని ప్రభుత్వము కొని ఖాళీ చేయించవలసివచ్చెను. ఆ విషము ఇంజను నూనెది కాదు, రసాయనముల కార్ఖానాది. అయినను అడుగున ఏమి కలిసినదో ఎరుగని నూనెను నేలపై పోయుట ఎంత ప్రమాదమో నలుగురికి తెలిసినది. ఇప్పుడు పాతనూనెను డబ్బాలో పోసి ఊరిలోని సేకరణ స్థలమునకు ఇత్తురు. అది శుద్ధిచేయబడి మరల నూనెయగును.

మా మేనల్లుడు డబ్బా ఇచ్చివచ్చిన సాయంకాలము మరల ఫోను చేసెను. ఎద్దుబండి కందెన సంగతి మేము చెప్పగా అతని కూతురు ప్రక్కనుండి వినుచున్నది. వరిగడ్డి మసి ఎంత, ఆముదము ఎంత అని ఆమె ప్రశ్న. మసి పిడికిట పట్టినంత, ఆముదము అది ముద్దగునంతవరకు అని చెప్పితిమి. అక్కడ వరిగడ్డి దొరకదట.